మొటిమల మందు సీసాకూ ఒక గడువు ఉంది

యౌవనం తొంగిచూసే వయసులో ముఖంపై మొటిమలు రావడం సర్వసాధారణం. 12 నుంచి 24 ఏళ్ల మధ్య వయసువారిలో ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి ఏదో ఒక మేరకు అవి వస్తాయని చర్మవైద్య గ్రంథాలు చెబుతున్నాయి. పెద్దలకు ఇది చిన్న విషయం. “వయసు దాటితే అవే పోతాయి” అని తేల్చివేస్తాము. అద్దం ముందు నిలబడిన బిడ్డకు మాత్రం ఇది చిన్న విషయం కాదు. కళాశాలకు వెళ్లడానికి వెనుకాడే కుమారుడు, బంధువుల ఇళ్లలో శుభకార్యమంటే ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లోనే ఉండిపోయే కుమార్తె మనకు కొత్త కాదు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ బాధ మరింత మౌనంగా, మరింత లోతుగా ఉంటుంది.

ఈ మౌనంలోనే తొందరపాటు పుడుతుంది. అనకాపల్లి వంటి పట్టణంలో మొటిమలకు వైద్యుని దగ్గరకు వెళ్లడం అనవసరమైన ఖర్చుగా చాలా కుటుంబాలు భావిస్తాయి. మందుల షాపుకు వెళ్లి “మొటిమలకు ఏదైనా ఇవ్వండి” అని అడిగితే ఒక చిన్న సీసా చేతికి వస్తుంది. లోపల నీళ్లవంటి ద్రావణం ఉంటుంది. పూస్తే చల్లగా ఉండి వెంటనే ఆరిపోతుంది. కొన్ని వారాల్లో ఎర్రటి పొక్కులు తగ్గుముఖం పడతాయి. ఇంకేముంది, ఆ సీసా ఇంట్లో స్థిరనివాసం ఏర్పరచుకుంటుంది. అయిపోతే మరొకటి వస్తుంది. అక్క వాడినదే చెల్లెలు వాడుతుంది, తమ్ముడూ వాడతాడు. ఏడాది గడుస్తుంది. అప్పుడు మొటిమలు మళ్లీ వస్తాయి. ఈసారి అదే మందు ఎంత పూసినా ఫలితం కనిపించదు.

ఆ సీసాలో సాధారణంగా ఉండేది క్లిండమైసిన్ అనే యాంటీబయోటిక్, 1 శాతం బలంతో. ఇది మంచి మందే. సక్రమంగా వాడితే మేలు చేస్తుంది. అయితే దీనిని ఒంటరిగా వాడకూడదు, ఎక్కువ కాలం వాడకూడదు, ఒకరిది మరొకరు వాడకూడదు. ఈ నెల మా శీర్షికలో మేము చెప్పదలచుకున్న మాట ఇదే. ఎందుకో కాస్త వివరంగా చూద్దాం.

మొటిమ ఎలా పుడుతుంది?

మన చర్మంపై ప్రతి సన్నని రోమానికీ అడుగున ఒక చిన్న గ్రంథి ఉంటుంది. చర్మం ఎండిపోకుండా అది జిడ్డును స్రవిస్తుంది. కౌమారంలో శరీరంలోని హార్మోన్ల ప్రభావంతో ఈ స్రావం పెరుగుతుంది. రోమకూపం గోడల నుంచి రాలే మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి ద్వారాన్ని మూసివేస్తాయి. తెల్లతలలూ నల్లతలలూ అలా ఏర్పడినవే. నల్లతల నల్లగా ఉండడానికి కారణం మురికి కాదు. లోపలి పదార్థం గాలి తగిలి రంగు మారడమే. కాబట్టి “ముఖం శుభ్రంగా కడుక్కోకపోవడం వల్లే మొటిమలు వచ్చాయి” అని పిల్లలను నిందించడం అన్యాయం.

మూసుకుపోయిన ఆ కూపంలో గాలి తక్కువ, జిడ్డు ఎక్కువ. క్యూటిబాక్టీరియమ్ యాక్నెస్ అనే సూక్ష్మజీవికి అది అనువైన చోటు. ఈ జీవి బయటినుంచి వచ్చిన శత్రువు కాదు. ఆరోగ్యవంతులందరి చర్మంపైనా ఉండేదే. మూసిన కూపంలో అది విపరీతంగా పెరిగినప్పుడు శరీరం ప్రతిస్పందిస్తుంది. ఎరుపు, వాపు, నొప్పి, చీము కనిపిస్తాయి. అంటే మొటిమకు నాలుగు కారణాలున్నాయి. అవి అధిక జిడ్డు, మూసుకుపోయిన రంధ్రం, సూక్ష్మజీవి, వాపు. యాంటీబయోటిక్ ద్రావణం వీటిలో చివరి రెండింటిపైనే పనిచేస్తుంది. మొదటి రెండింటిని అది తాకదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే ఆ మందును ఒంటరిగా ఎందుకు వాడకూడదో సగం అర్థమైనట్లే.

ఈ మందుల వెనుక చరిత్ర

1940లలో యాంటీబయోటిక్‌ల కోసం శాస్త్రవేత్తలు దేశదేశాల మట్టిని పరీక్షించారు. ఆ అన్వేషణలో మన తెలుగువాడి పాత్ర చిన్నది కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు సారథ్యం వహించారు. ఆయన నేతృత్వంలోని బృందంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి పరిచయమైంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. తీవ్రమైన మొటిమలకు నేడు వైద్యులు ఇచ్చే డాక్సీసైక్లిన్ మాత్ర ఆ కుటుంబానికి చెందినదే. ఆ 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు.

మట్టిలోని మరొక జీవి నుంచి లింకోమైసిన్ లభించింది. దానిని రసాయనికంగా మార్చి 1960లలో క్లిండమైసిన్ తయారుచేశారు. ముఖంపై పూసే ద్రావణంగా అమెరికాలో 1980లో దానికి అనుమతి లభించింది. సీసాలో ఉండేది క్లిండమైసిన్ ఫాస్ఫేట్. చర్మాన్ని చేరిన తరువాత అక్కడి ఎంజైములు దానిని క్రియాశీల రూపంలోకి మారుస్తాయి. సూక్ష్మజీవి తన మాంసకృత్తులను తయారుచేసుకునే యంత్రాంగానికి అది అడ్డుపడుతుంది. దానితో సూక్ష్మజీవి పెరుగుదల ఆగిపోతుంది.

గడువు ఎందుకు?

సూక్ష్మజీవులన్నీ ఒకేలా ఉండవు. కోట్ల సంఖ్యలో ఉన్నవాటిలో ఏ కొన్నింటికో మందును తట్టుకునే శక్తి ఉంటుంది. మందు పూసినకొద్దీ బలహీనమైనవి నశిస్తాయి, తట్టుకోగలిగినవి మిగులుతాయి. పోటీ లేని ఆ చోట అవే విస్తరిస్తాయి. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్న సందర్భంలోనే ఈ ప్రమాదాన్ని హెచ్చరించారు. మొటిమల సూక్ష్మజీవి విషయంలో ఆ హెచ్చరిక త్వరగానే నిజమైంది. ఎరిత్రోమైసిన్‌కూ క్లిండమైసిన్‌కూ లొంగని రకాలు రోగుల చర్మంపై కనిపించాయని 1979లోనే వైద్య పత్రికలు ప్రచురించాయి. ఈ రెండు మందులూ సూక్ష్మజీవిలో దాదాపు ఒకే చోట పనిచేస్తాయి. ఒకదానికి అలవాటుపడిన జీవి తరచుగా రెండవదానికీ లొంగదు. అందుకే ఈ రెండింటినీ కలిపి వాడకూడదు.

ఇది ఒక్క ముఖానికి సంబంధించిన నష్టమే అయితే సరిపెట్టుకోవచ్చు. కాని అలా కాదు. ముఖంపై పూసిన మందు అక్కడి ఇతర సూక్ష్మజీవులనూ తాకుతుంది. వాటిలో స్టెఫైలోకాకస్ ఒకటి. గాయాలను చీముపట్టించేది, ఎముకల్లోకి పాకేది, కొన్నిసార్లు ప్రాణాలమీదికి తెచ్చేది ఈ కుటుంబపు జీవులే. అలాంటి ఇన్ఫెక్షన్లలో, ముఖ్యంగా పెన్సిలిన్ పడని రోగులలో వైద్యులు ఆశ్రయించే మందులలో క్లిండమైసిన్ ఒకటి. మందుకు లొంగని సూక్ష్మజీవులు చేతుల ద్వారా, తువాళ్ల ద్వారా, దిండ్ల ద్వారా ఒకే ఇంట్లోని ఇతరులకూ చేరతాయి. కూతురి ముఖంపై అనవసరంగా ఏడాదిపాటు పూసిన ద్రావణం రేపు అదే ఇంట్లోని నానమ్మకు చక్కెర వ్యాధి పుండు పడినప్పుడు అక్కరకు రావలసిన మందును బలహీనపరచవచ్చు. యాంటీబయోటిక్ సొంత ఆస్తి కాదు. అది ఉమ్మడి సొత్తు. మన చేతిలో ఉన్న అమానతు.

ఈ కారణంతోనే 2021లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ మొటిమల చికిత్సకు స్పష్టమైన నియమాలు ఇచ్చింది. పూతగా వాడే యాంటీబయోటిక్‌ను ఒంటరిగా ఇవ్వకూడదు. పూత యాంటీబయోటిక్, మాత్ర యాంటీబయోటిక్ రెండూ ఒకేసారి ఇవ్వకూడదు. చికిత్సను 12 వారాల తరువాత సమీక్షించాలి. పూత యాంటీబయోటిక్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జతచేయాలని అమెరికా చర్మవైద్యుల సంఘం 2024 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

బెంజాయిల్ పెరాక్సైడ్ యాంటీబయోటిక్ కాదు. అది ఆక్సిజన్‌ను విడుదల చేసి సూక్ష్మజీవిని నేరుగా దెబ్బతీస్తుంది. దానికి సూక్ష్మజీవులు అలవాటుపడినట్లు ఇంతవరకు కనిపించలేదు. క్లిండమైసిన్‌కు లొంగని వాటిని కూడా అది చంపుతుంది. మూసుకుపోయిన రంధ్రాలను తెరవడానికి వైద్యులు తరచుగా అడాపలీన్ జెల్‌ను రాత్రిపూట సూచిస్తారు. ఈ మందులు కలిసినప్పుడే మొటిమకు ఉన్న పలు కారణాలపై ఒకేసారి చికిత్స జరుగుతుంది.

పూసే పద్ధతి

వైద్యులు క్లిండమైసిన్ ద్రావణం రాసిచ్చినప్పుడు సాధారణంగా రోజుకు రెండుసార్లు పూయమంటారు. మీ చీటీలో వేరేగా ఉంటే దానినే పాటించాలి. ముందుగా చేతులు కడుక్కోవాలి. ముఖాన్ని గాఢత లేని సబ్బుతో లేదా ఫేస్‌వాష్‌తో మృదువుగా కడగాలి. తువాలుతో రుద్దకుండా అద్దినట్లు తుడుచుకోవాలి. తడి పూర్తిగా ఆరిన తరువాతనే మందు పూయాలి.

మందును మొటిమ మీద మాత్రమే చుక్కగా పెట్టడం చాలామంది చేసే పొరపాటు. కంటికి కనిపించని మొటిమలు చుట్టుపక్కల తయారవుతూనే ఉంటాయి. కనుక మొటిమలు వచ్చే ప్రాంతమంతటా పలుచని పొరగా పూయాలి. ఎక్కువ పూస్తే త్వరగా తగ్గదు, చర్మం మాత్రం ఎండిపోతుంది. కళ్లు, పెదవులు, ముక్కు లోపలి భాగం, తెగిన చర్మం మీద పడకుండా చూసుకోవాలి. కంట్లో పడితే ధారాళంగా చల్లని నీటితో కడగాలి. గడ్డం గీసుకున్న వెంటనే, కనుబొమలకు థ్రెడింగ్ చేయించుకున్న వెంటనే పూస్తే మంట పుడుతుంది. అరగంటయినా ఆగడం మంచిది.

మొదటిసారి వాడేవారు దవడ కింద కొద్దిచోట పూసి ఒకటి రెండు రోజులు గమనిస్తే మేలు. కొద్దిపాటి పొడితనం, చిన్న మంట, పొట్టు రాలడం సాధారణం. ముఖం వాచినా, దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడనట్లు అనిపించినా మందు మానివేసి వెంటనే వైద్యుని చేరాలి.

ఓర్పు అవసరం. మార్పు కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. పది రోజులకే “పనిచేయలేదు” అని మరో మందుకు మారడం, రెండు వారాలకే “తగ్గిపోయింది” అని మానివేయడం రెండూ తప్పే. మొదలుపెట్టిన తేదీని సీసాపై రాసి ఉంచండి. 12 వారాలు నిండేసరికి తిరిగి వైద్యునికి చూపించండి. అప్పటికి తగ్గితే యాంటీబయోటిక్ ఆపి, అడాపలీన్ వంటి మందుతో ఆ ఫలితాన్ని నిలబెట్టుకునే మార్గం వైద్యులు చెబుతారు. తగ్గకపోతే చికిత్స మార్చాలి గాని అదే సీసాను పొడిగించకూడదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ విషయంలో గృహిణులు గమనించవలసిన సంగతి ఒకటుంది. అది రంగు బట్టలను తెల్లబరుస్తుంది. దుపట్టా, హిజాబ్, దిండు గలీబు, రంగు తువాలు ఏదైనా మరక పడితే ఆ రంగు తిరిగి రాదు. మందు బాగా ఆరిన తరువాతే హిజాబ్ ధరించాలి. రాత్రి తెల్లని గలీబు వాడుకుంటే మేలు.

వుజూ, ఉపవాసం, ఆల్కహాల్

రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది. పూసిన మందు కడుక్కుపోదా? ఫజ్ర్ నమాజు ముగించుకున్న తరువాత ఉదయం ఒకసారి, ఇషా తరువాత రాత్రి ఒకసారి పూసుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ఫజ్ర్ నుంచి జుహ్ర్ వరకు, ఇషా నుంచి ఫజ్ర్ వరకు మందుకు చర్మంలో ఇంకడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. ద్రావణం ఆరిన తరువాత నీటిని అడ్డుకునే మందపు పొరగా మిగలదు. వుజూలో ముఖాన్ని మంచినీటితో కడగడం చర్మానికి హాని చేయదు. ప్రతిసారీ సబ్బు వాడి గట్టిగా రుద్దితేనే చర్మం రేగుతుంది. సబ్బు రోజుకు రెండుసార్లు చాలు. మసీదులోనైనా ఇంట్లోనైనా ఉమ్మడి తువాలుకు బదులు సొంత రుమాలు దగ్గర ఉంచుకోండి.

రమజాన్‌లో చికిత్స ఆపవలసిన పనిలేదు. చర్మంపై పూసే మందు కడుపులోకి వెళ్లేది కాదు. సహర్ తరువాత, రాత్రి నమాజు తరువాత పూసుకోవచ్చు.

ఈ ద్రావణాలలో తరచుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది. మత్తు పానీయాలలో ఉండే ఇథైల్ ఆల్కహాల్‌కూ దీనికీ తేడా ఉంది. ఇది ఎవరూ తాగేది కాదు, తాగితే విషం. అయినా మనసుకు సంకోచంగా ఉన్నవారు వైద్యునికి చెబితే నీటి ఆధారంగా తయారైన జెల్‌ను రాసిస్తారు. పొడిచర్మం ఉన్నవారికి కూడా జెల్ లేదా లోషనే అనుకూలం.

ఆల్కహాల్ ఉన్న కారణంగానే ఈ సీసాకు మంట తగలకూడదు. తడి ముఖంతో గ్యాస్ పొయ్యి దగ్గరకు వెళ్లవద్దు. ఊదు వెలిగించే చోట, వంటింటి అలమరలో, ఎండపడే కిటికీ వద్ద దీనిని ఉంచవద్దు. మూత బిగించి, చిన్న పిల్లలకు అందని చోట పెట్టాలి.

ఎవరు వాడకూడదు?

క్లిండమైసిన్ లేదా లింకోమైసిన్ పడనివారు దీనిని వాడకూడదు. క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కోలైటిస్ వంటి పేగు జబ్బులున్నవారు, గతంలో యాంటీబయోటిక్ వల్ల తీవ్రమైన విరేచనాల పాలైనవారు వైద్యునికి ఆ సంగతి ముందే చెప్పాలి. పూత మందులో కొద్దిభాగం రక్తంలోకి చేరుతుంది. అరుదుగానైనా అది పేగులోని మేలుచేసే జీవులను దెబ్బతీసి క్లాస్ట్రిడియమ్ డిఫిసిలె అనే హానికరమైన జీవి పెరగడానికి దారితీయవచ్చు. మందు వాడుతున్న కాలంలోగాని, మానిన కొన్ని వారాల్లోగాని ఆగని నీళ్ల విరేచనాలు, రక్తం, కడుపులో తీవ్రమైన నొప్పి ఉంటే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోవద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని అడగకుండా ఏ మొటిమల మందూ మొదలుపెట్టకూడదు. ముఖ్యంగా అడాపలీన్, ఐసోట్రెటినాయిన్ గర్భిణులకు తగవు. ఐసోట్రెటినాయిన్ మాత్ర గర్భస్థ శిశువులో తీవ్రమైన అవకరాలు కలిగిస్తుంది. వివాహిత వైద్యునికి ఈ విషయం దాచకూడదు. 12 ఏళ్లలోపు పిల్లలకు క్లిండమైసిన్ ద్రావణాన్ని సొంత నిర్ణయంతో పూయవద్దు. ఆపరేషన్ చేయించుకోబోయేవారు మత్తు వైద్యునికి ఈ మందు సంగతి కూడా చెప్పాలి.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం

మొటిమల మందు అడిగినవారి చేతికి కొన్నిసార్లు వేరే ట్యూబు వస్తుంది. యాంటీబయోటిక్, ఫంగస్ మందు, స్టిరాయిడ్ మూడూ కలిపిన క్రీము అది. ముఖం తెల్లబడుతుందన్న మాట కూడా దానికి తోడవుతుంది. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా ట్యూబుపై కనిపిస్తే అది స్టిరాయిడ్ అని గుర్తించండి. మొదటి వారంలో ఎరుపు తగ్గి ముఖం నునుపుగా కనిపిస్తుంది. తరువాత చర్మం పలుచబడుతుంది, రక్తనాళాలు బయటపడతాయి, ఎండకు మంటపుడుతుంది, అవాంఛిత రోమాలు మొలుస్తాయి. ఒకే పరిమాణంలో గుంపులుగా కొత్త మొటిమలు పుడతాయి. మానివేస్తే ముఖం భగ్గుమంటుంది. అందుకని మళ్లీ పూస్తారు. ఈ వలయం నుంచి బయటపడడానికి నెలలు పడుతుంది.

ఈ దురుపయోగంపై దేశంలోని చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పూతగా వాడే పలు స్టిరాయిడ్లను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అంటే వైద్యుని చీటీ లేకుండా అవి అమ్మరాదు. యాంటీబయోటిక్‌ల పెట్టెపై నిలువుగా కనిపించే ఎర్ర గీత కూడా ఇదే మాట చెబుతుంది. ఆ గీతకు అర్థం ప్రజలకు తెలియజేయడానికి 2016లో ప్రభుత్వం ప్రత్యేక ప్రచారం చేపట్టింది. ఎర్ర గీత ఉన్న మందును చీటీ లేకుండా అడగకండి, ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి. వైద్యుడు స్టిరాయిడ్ రాసినా ఎన్ని రోజులో అడిగి తెలుసుకోండి.

బెల్లం, టూత్‌పేస్టు, ఎండ

బెల్లానికి పేరుపొందిన ఊరు మనది. “బెల్లం తింటే వేడి, వేడి వల్లే మొటిమలు” అన్న మాట ఇక్కడ వినని ఇల్లు ఉండదు. నిజమెంత? రక్తంలో చక్కెరను వేగంగా పెంచే ఆహారం కొందరిలో మొటిమలను ఎక్కువ చేస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. బెల్లంలో అధికభాగం చక్కెరే. కనుక మితం అవసరం. కాని బెల్లం మానివేసినంత మాత్రాన ముదిరిన మొటిమలు తగ్గవు. ఆహార నియమాన్ని చికిత్సకు తోడుగా చూడాలి, బదులుగా కాదు.

మొటిమపై టూత్‌పేస్టు, నిమ్మరసం, వంటసోడా పూయడం చర్మాన్ని కాల్చి నల్లమచ్చను మిగులుస్తుంది. చీము తీద్దామని గోళ్లతో గిల్లడం గుంటలకు దారి. మన చామనఛాయ చర్మంలో మొటిమ మానిన చోట మచ్చ నెలల తరబడి ఉంటుంది. ఎండ దానిని మరింత నల్లబరుస్తుంది. సముద్రతీరపు ఉక్కపోత, ఎండ రెండూ ఉన్న ప్రాంతంలో జిడ్డులేని సన్‌స్క్రీన్ వాడడం ఉపయోగకరం. తలకు పట్టించిన నూనె నుదుటికి జారితే అక్కడి రంధ్రాలు మూసుకుపోతాయి. రాత్రి నూనె పెట్టుకునేవారు జుట్టును ముఖానికి తగలకుండా కట్టుకోవాలి.

ఎప్పుడు, ఎక్కడ చూపించుకోవాలి?

లోతుగా గట్టిపడిన గడ్డలు, వీపు, ఛాతీ నిండా పొక్కులు, గుంటలు పడుతున్న మచ్చలు ఉంటే ఆలస్యం చేయకూడదు. పూత మందుతో అవి లొంగవు. యువతులలో నెలసరి క్రమం తప్పడం, గడ్డం దగ్గర వెంట్రుకలు పెరగడం మొటిమలతో కలిసి కనిపిస్తే అండాశయాలకు సంబంధించిన పీసీఓఎస్ సమస్య ఉందేమో పరీక్షించాలి. అలాంటప్పుడు సీసాలు మార్చినంత మాత్రాన ఉపయోగం ఉండదు.

అనకాపల్లిలోని ఎన్.టి.ఆర్. ప్రభుత్వ ఆసుపత్రిలో ముందుగా చూపించుకోవచ్చు. అవసరమైతే విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. 1923లో ప్రారంభమైన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన బోధనాసుపత్రి అది. బయటకు వెళ్లడానికి బిడియపడే ఆడపిల్లలకు ప్రభుత్వపు ఈ-సంజీవని ద్వారా ఫోనులోనే వైద్యునితో మాట్లాడే ఉచిత సదుపాయం ఉంది. వెళ్లేటప్పుడు ఇంతవరకు పూసిన మందులన్నీ, వాటి పెట్టెలతో సహా, తీసుకువెళ్లండి. ఏ మందు ఎంతకాలం వాడారో తెలిస్తేనే వైద్యుడు సరైన నిర్ణయం తీసుకోగలుగుతాడు. సిగ్గుపడి దాచిన స్టిరాయిడ్ ట్యూబు చికిత్సను పక్కదారి పట్టిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ ముఖాన్ని నలుగురిలో ప్రస్తావించకండి. “ఇలా ఉంటే సంబంధాలు ఎలా వస్తాయి?” అన్న మాట ఏ మందూ మాన్పలేని గాయం చేస్తుంది. బిడ్డ గది దాటి రావడం మానివేసినా, చదువు మీద మనసు పెట్టలేకపోతున్నా ఆ సంగతిని కూడా వైద్యునికి చెప్పండి. మొటిమల బాధ మనసును కుంగదీయగలదని వైద్యశాస్త్రం గుర్తించింది.

ఈ రోజు మీ ఇంటి అలమర ఒకసారి తెరిచి చూడండి. ఎప్పుడో కొన్న ద్రావణం సీసా ఉంటే దాని గడువు తేదీ చూడండి, ఎవరికోసం రాసినదో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో ఇంట్లో అడగండి. చీటీ లేకుండా సాగుతున్నదైతే అక్కడితో ఆపి వైద్యుని సలహా తీసుకోండి. మిగిలిన మందును పక్కింటివారికి ఇవ్వకండి. మంచి ఉద్దేశంతో ఇచ్చినా అది మేలు కాదు. వారి ముఖానికి ఏమి కావాలో వారి వైద్యుడే చెప్పాలి.